ముప్పయ్యో సెకను

మొగల్తూరు దాటాక, ఉప్పుగాలి మొదలయ్యే చోట
ఏడో చెరువు గట్టు మీద రేకుల షెడ్డు.
మేత బస్తాల మీద ల్యాప్‌టాప్,
దాని పక్కన సబ్బుపెట్టెంత బోర్డు.
నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో రాత్రంతా చెప్పాలి,
నాలుగు లోపు పడితే బెల్లు కొట్టాలి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లేస్తుంది.
నాలుగు పాయింట్ ఆరు, అంటుంది.
నాలుగు పాయింట్ ఆరు.
ముప్పయ్యో సెకనుకి నోరు మూసుకుంటుంది.

మొన్న అలా మూసుకున్న రాత్రి
బెల్లు మోగలేదు, ఏరేటర్లు తిరగలేదు.
తెల్లారేసరికి గట్టు వారంతా
రొయ్య పైకి తేలి మీసాలాడిస్తోంది.
కాపలా దానియేలు నన్నేమీ అనలేదు.
మోకాలి లోతులో దిగి చచ్చినవి ఏరుతూ
"మీ పెట్టి నిద్దరోయిందండే" అన్నాడు, అంతే.

వైరు మార్చాను. సెన్సర్ మార్చాను.
టంకం గీకి మళ్లీ వేశాను.
ఆఖరికి మీటరు ముళ్లు ఆనించి కూర్చుంటే
మూడు పాయింట్ మూడు వోల్టులు
చూస్తుండగానే సున్నా.
లోపల ఎవరో కట్టేస్తున్నారు.

కెర్నల్ తెరిచాను. ఫైలు పేరు రెగ్యులేటర్.
ఆ మాట నాకు చదువు రాకముందే వచ్చు:
కాలవకి అడ్డంగా ఇనప తలుపులు,
పళ్ల చక్రం, గ్రీజు వాసన,
ఖాకీ నిక్కరులో లస్కరు ఏసుపాదం.

వంతుల నీళ్ల ఏడు అది.
రిజిస్టరు చూసి, ఎవరి పేరూ లేదని
తలుపు దించేసి అన్నానికెళ్లాడు.
శివారులో బొక్కా మంగాయమ్మ ఎకరన్నర
పొట్ట మీదుంది.
ఎవరికోసమో ఎత్తిన తలుపులోంచి
వస్తున్న నీళ్లని తన వంతే అనుకుంది,
పేరు రాయించుకోలేదు.
ఎండిన బోదెలోంచి నడిచొచ్చి ఆవిడ అరిస్తే
"అడిగినోళ్లే కదమ్మా నాకు లెక్క"
అన్నాడు, చక్రం తిప్పుతూనే.
ఎవరి పక్షమో తేల్చుకోలేక
నేను లాకు మీద జామకాయ కొరుక్కుంటూ నిలబడ్డాను.

ఇక్కడా అదే లెక్క.
బూటయ్యాక ముప్పై సెకన్లు ఆగి
కెర్నల్ ఒక్కో కరెంటు తలుపు దగ్గరా
నీకెంతమంది అని అడుగుతుంది.
సున్నా అంటే దించేస్తుంది.
బూట్‌లోడర్ పోతూ పోతూ
ఎత్తి వదిలేసిన తలుపు కింద
నోరు పెట్టి తాగుతున్న డ్రైవరు ఒకటుంది,
ఎప్పుడూ అడగనిది.
రాసినవాళ్ల పేరు చూశాను.
నా పేరే. రెండేళ్ల కిందటి తేదీ.

ఒక్క లైను చాలింది: నాకు కావాలి, అని.
దించే లైన్లకి మాత్రం రాత్రి పట్టింది.
సెన్సర్ పలక్కపోతే డ్రైవరు
దించకుండా ఇంటికెళ్లే దారులు మూడున్నాయి.
ఒకటి మూశాననుకుంటే రెండుసార్లు దించింది,
లెక్క సున్నా కిందికి పోయి
లాగ్ నిండా ఎర్రటి తిట్లు.
ఎత్తిన చెయ్యే దించాలి. ఒక్కసారే దించాలి.
ఏసుపాదం అయితే దీనికింత సేపు తీసుకునేవాడు కాదు.

మూడున్నరకి దానియేలు మెయిన్ లాగి మళ్లీ వేశాడు.
దోమల్లో ఇద్దరం పైకే లెక్కపెట్టాం.
ఇరవై తొమ్మిది.
ముప్పై.
ఆయన ఆగిపోయాడు. నేను ఆగలేదు.
ముప్పై ఒకటి.
నాలుగు పాయింట్ ఒకటి, అంది పెట్టె.

మార్పు ఎందుకో రాసే చోట
పెద్ద మాటలు రెండు కొట్టి, చెరిపేసి,
"అడగడం మరిచాను" అని రాస్తుండగా
నాలుగు పాయింట్ సున్నా.
మూడు పాయింట్ తొమ్మిది.

బెల్లు.
చెప్పులు వదిలేసి దానియేలు
గట్టెంట స్విచ్చిబోర్డుకేసి పరుగు.
చీకట్లో ఒక్కో ఏరేటరూ
నీళ్లని కొట్టడం మొదలెట్టింది.